రోజూ వండేదే

14 నవంబరు 1996, గురువారం

మొన్న మంగళవారం ఉదయం ఎలా గడిచిందో రాసి ఉంచుకోవాలనిపించింది. ఏమీ జరగని ఉదయమే.

కార్తీకం మొదటి రోజు. చీకటితోనే లేచి బావి దగ్గర చన్నీళ్ళ స్నానం చేశాను. తులసి దగ్గర దీపం పెట్టాను. గాలికి ఆరిపోయింది. మళ్ళీ పెట్టాను. తుఫాను వాన వెలిసి వారం కాలేదు, కట్టెలన్నీ ఇంకా తేమగానే ఉన్నాయి. వంటింట్లోకి వచ్చేసరికి చెల్లి ప్రమీలారాణి పొయ్యి ముందు ఊదుగొట్టంతో కూర్చుని ఉంది. పొగ అటక దాకా లేచి, అక్కడ దారి దొరక్క, మళ్ళీ కిందికి దిగుతోంది.

మరదలు బుల్లెమ్మ పాలు పితికి తెచ్చింది. "ఇవాళ గేదె తన్నింది వదినా. నన్ను కాదులే, చెంబుని" అంది. చెంబు సొట్ట చూపించింది. వసారాలో తమ్ముడు వెంకటనారాయణ ఒకసారి దగ్గాడు. అంటే కాఫీ అని. లోపల ప్రమీల కూడా దగ్గింది. అది కాఫీ కోసం కాదు. ఖమ్మం దవాఖానాలో డాక్టరు పొగకు దూరంగా ఉండమన్నాడు. మా వంటిల్లు అంత పెద్దది కాదు.

నేను పొయ్యి దగ్గరికి వెళ్తానంటే లేవదు. భర్త పోయాక ఆమెను ఇక్కడికి తెచ్చుకుని రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆమె మాటలు ఉప్పు, చారు, ఔను, కాదు. ఆ ఉదయం మాత్రం ఊదుగొట్టం దించి ఇలా అంది:

"అక్కా, హేమ్లి వాళ్ళ తండాకీ మన ఊరికీ పొగరాని పొయ్యిలు ఇస్తారంట. పని చూసుకోడానికి చదువుకున్న మనిషి కావాలంట. నన్నడిగారు."

"ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేదు. పాలు పొంగుతున్నాయి, చూడు."

అదీ ఆ ఉదయం.

సాయంత్రం కల్లూరు నుంచి పిచ్చయ్యగారు వచ్చారు. ప్రమీలకు బావగారు, పోయిన భర్తకు అన్న. పత్తి మిల్లుంది. మా పత్తి అక్కడికే వెళ్తుంది. మిల్లు కూలీలకూ గుమాస్తాలకూ వండే మనిషి మానేసిందట. "బయటోళ్ళని నమ్మలేకుండా ఉన్నాం బావా. ప్రమీలైతే సొంత మనిషి. ముక్కోటి వెళ్ళాక వచ్చి తీసుకుపోతా" అన్నారు. తమ్ముడు "చూద్దాం" అన్నాడు. వాడి నోట చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే.

నేను ఏమీ కోరుకోలేదు. దీపానికి దండం పెట్టుకున్నాను, అంతే.

15 నవంబరు

ఇవాళ కూడా ఏమీ కోరుకోలేదు. దీపాలు మాత్రం రెండు పెట్టాను.

18 నవంబరు, సోమవారం

ఉపవాసం. ప్రమీల పెనుబల్లిలో ఆ పొయ్యిల శిక్షణకు వెళ్ళి, చీకటి పడే వేళకు వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, పొయ్యిలో బూడిద తీసి నేల మీద పోసి, వేలితో కొత్త పొయ్యి బొమ్మ గీసింది. ఇక్కడ కట్టె, ఇక్కడ రెండో గిన్నె, ఇదిగో ఈ గొట్టం గుండా పొగ కప్పు మీదికి. మాట మీద మాట పడుతోంది. నేను నక్షత్రాలు చూడటానికి వెళ్ళాల్సినదాన్ని, మర్చిపోయాను.

ఎక్కడో చల్లటి దేశాల వాళ్ళు ఒక నిధి పెట్టారట. బీద దేశాల పల్లెల్లో కట్టెలు తక్కువ కాలితే పొగ తగ్గుతుందనీ, పొగ తగ్గితే భూమి వేడెక్కడం తగ్గుతుందనీ, అందుకు గ్రాంటు ఇస్తారనీ చెప్పింది. హైదరాబాదు సంస్థ ఒకటి మధ్యలో ఉండి చూసుకుంటుందట.

బుల్లెమ్మ ఆ బూడిద బొమ్మ చుట్టూ తిరిగి చూసింది. "మన పొయ్యి పొగ అంత దూరం పోతోందా! నేను మీ అన్నయ్యకి కాఫీ వసారా దాకా మొయ్యలేక చస్తన్నా" అంది.

"అన్నయ్య పొగ కూడా పోతోంది వదినా. చుట్ట పొగ."

"దానికీ గ్రాంటు ఇస్తారేమో అడుగు."

పద్ధతి ఇది. ముందు ఇంటింటికీ వచ్చి ఎంత కట్టె కాలుతోందో తూస్తారు. కొత్త పొయ్యితో ఎంత మిగులుతుందో లెక్క కడతారు. మిగిలేది ఎక్కువుంటేనే గ్రాంటు. గ్రాంటు వస్తేనే ప్రమీలకు ఉద్యోగం. రాకపోతే ముక్కోటి తర్వాత కల్లూరు, మిల్లు పొయ్యి.

తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. "చూద్దాం" అన్నాడు.

22 నవంబరు, శుక్రవారం

ఇవాళ జీపు వచ్చింది.

వచ్చేది కట్టె తూచేవాళ్ళనీ, అడవి శాఖ వాళ్ళు కాదనీ ప్రమీల నాలుగు రోజులుగా ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ తల ఊపారు. వాళ్ళకు దారి చూపించడానికి పొద్దున్నే పెనుబల్లి వెళ్ళింది. ఆమె జీపులో ఉంది, మేం ఊళ్ళో ఉన్నాం. అదే తప్పయింది. కల్వర్టు దగ్గర జీపు చప్పుడు వినపడగానే ఎవరి కాళ్ళు వాళ్ళ మాట వినలేదు. ఊరు ఊరంతా కట్టెలు దాచేసింది. ఇన్నేళ్ళ అలవాటు. జీపు అంటే అడవి శాఖ, అడవి శాఖ అంటే కట్టెలు కనపడకూడదు.

ఎదురింటి వాళ్ళు గడ్డివాములో దూర్చారు. పక్కింటి వాళ్ళు బావిలో పడేశారు. బుల్లెమ్మ చంకకు ఎత్తగలిగినంత ఎత్తుకుని పడకగదిలో మంచం కిందికి తోసింది.

నేను కంగారు పడలేదు. నాకు జపం వేళ అయింది. పెరట్లో పెద్ద మోపు ఎత్తుగా, ఎండ తగిలే చోట ఉంది. దాని మీద దుప్పటి పరిచి కూర్చున్నాను. ఎండ కోసమే.

సంస్థ తరఫున సర్వే చేసేది వెంకటరామారావుగారు. పెద్దమనిషి, భుజాన స్ప్రింగు కాటా వేలాడుతోంది. వెంట ఒక తెల్లావిడ. ఆమె నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. ఆయన మెల్లగా "అమ్మా, మీ ఇంట్లో కట్టెలు ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగారు. జపం మధ్యలో మాట్లాడకూడదు కదా.

బుల్లెమ్మ అందుకుంది. "మాకు అడవి కట్టెతో పనేముందండీ? ఏదో పత్తికట్టె, కంది కంప, నాలుగు పిడకలు."

ప్రమీల నన్నే చూస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెల్లావిడ ఫోటో తీసిన చప్పుడు వినపడింది.

23 నవంబరు

నడుం నొప్పి. ఇంకేమీ విశేషం లేదు.

25 నవంబరు, పౌర్ణమి

దీపాలు పెట్టి లేస్తుంటే ప్రమీల గేటు తోసుకుని వచ్చింది. వెనక హేమ్లి. తండా సంఘానికి పెద్ద. ఇద్దరి ముఖాలూ ఎలాగో ఉన్నాయి.

"లెక్క తేలింది అక్కా" అంది ప్రమీల. "మనది ఆదర్శ గ్రామమంట. అడవి పక్కనే ఉండి అడవి పుల్ల ముట్టని జనం అంట. తెల్లావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందంట."

"మంచిదేగా" అన్నాడు తమ్ముడు.

"ఏం మంచి అన్నయ్యా? కాలని కట్టెకి గ్రాంటెవరిస్తారు? మన దగ్గర తగ్గించేదే లేదంట. డబ్బు వేరే జిల్లాకి పంపిస్తారంట, మనకి అభినందనలంట!"

ముందు హేమ్లి పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా పూల్‌సింగ్ మామ ఏం జేసిండో ఎరికేనా పెద్దమ్మా? కట్టెల మీద గొంగడి గప్పి, దాని పక్కన పండుకొని మూలుగుడు వెట్టిండు, జరమొచ్చిందని. ఆ తెల్లామె నాడి చూసి గోళీ ఇచ్చింది. మింగిండు! రాత్రంత చెమటలే."

ప్రమీల ఫక్కున నవ్వింది. రెండేళ్ళుగా వినని నవ్వు. నేను చేతిలో ఒత్తుల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. "మా అక్క ఏం తక్కువ తినలేదు. మోపెక్కి జపం! ఆవిడ దిగితే కదా వాళ్ళు తూచేది!" అంటూ అరుగు మీద చతికిలబడింది. నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. బుల్లెమ్మ మంచం కింద కట్టెల్లోంచి తేలు వచ్చిన సంగతి అప్పుడు చెప్పింది. తమ్ముడు ఆ మంచం మీదే పడుకుంటున్నాడు. వాడు మాత్రం నవ్వలేదు.

ఎండ కోసం కూర్చున్నానని చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు.

పడుకునే ముందు ప్రమీల వచ్చి నా పక్కన కూర్చుంది. "పోన్లే అక్కా. కల్లూరు మాత్రం ఎంత దూరం?" అంది. ఆ మాట ఉప్పు, చారు అన్నట్టే అంది.

28 నవంబరు

హేమ్లిని తోడు తీసుకుని అడవి గార్డు ఇంటికి వెళ్ళాను. నేను వెళ్ళడం ఇదే మొదలు. వంటకట్టె చూపిస్తే కేసు రాస్తారా అని అడిగాను.

"గదేంది పెద్దమ్మా! పొయ్యిలకు పుల్ల ఏరుకుంటే కేసు రాస్తనా? దుంగలు కొడ్తె రాస్త గని" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవ్వలకు చెప్పకు. మొన్న జీపు వచ్చిందంటే స్క్వాడ్ అనుకొని మా ఇంట్ల కట్టెలు నేను గూడ దాచిన."

దారంతా హేమ్లి నవ్వుతూనే ఉంది. నేను నవ్వలేదు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక కొంచెం.

ప్రమీల పెనుబల్లి వెళ్ళి ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, జీపుకు భయపడి కట్టెలు దాచామని ఒప్పుకుంది. వెంకటరామారావుగారు మళ్ళీ వస్తారు. ఈసారి బస్సులో. కొన్ని ఇళ్ళు ఎంచుకుని, ఒక్కో ఇంట్లో పూటంతా కూర్చుని, వంటకు ఎంత కట్టె కాలుతుందో ఆయన ముందే తూస్తారట.

3 డిసెంబరు, మంగళవారం

మా ఇంట్లో తూకం. కట్టెలన్నీ పెరట్లో బాహాటంగా పేర్చాం. దాచింది ఏమీ లేదు.

ఆయన పీట వేసుకుని పొయ్యి పక్కన కూర్చున్నారు. బుల్లెమ్మ వండింది: పులిహోర, గారెలు, పూర్ణాలు, పప్పుచారు, రెండు కూరలు, పరమాన్నం. "ఇంత ఎందుకమ్మా?" అని ఆయన అంటూనే ఉన్నారు. "ఎంతండీ ఇది!" అని ఆమె అంటూనే ఉంది. కట్టె తూచి తూచి ఆయన చెయ్యి నొప్పి పుట్టింది.

ఇంటికి వచ్చిన మనిషి. ఏం పెట్టం?

4 డిసెంబరు

తండాలో కోడి కోశారట.

5 డిసెంబరు

ఆయన ఇవాళ మజ్జిగ మాత్రమే తాగారట. కాటా గోడకే వేలాడుతోందట.

6 డిసెంబరు, శుక్రవారం

వెంకటరామారావుగారు మా వసారాలో, కడుపు మీద చెయ్యి వేసుకుని చెప్పారు. "ఈ లెక్క పంపిస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారమ్మా. దీని ప్రకారం మీ ఊరివాళ్ళు మూడేళ్ళలో భద్రాచలం దాకా అడవంతా వండేసుకోవాలి. మొదటిసారి పొయ్యే లేదు. రెండోసారి రోజూ పెళ్ళే. నాకు మామూలు రోజు కావాలి. మీరు రోజూ వండేదే వండండి. వచ్చే వారం లోపల చూపిస్తే సరే. ఆ తర్వాత నా చేతిలో లేదు."

ఆయన వెళ్ళాక బుల్లెమ్మ "రోజూ వండేది అతిథికి ఎట్లా పెడతాం? రేపు హైదరాబాదులో చెప్పుకోడూ?" అంది.

"చెప్పుకోనీ వదినా" అంది ప్రమీల. గొంతులో పట్టుదల ఉంది. తర్వాత లేదు.

జపంలో ఇవాళ పూసలు ఎటు తిప్పుతున్నానో తెలియలేదు. ఇదంతా నాకేం పట్టిందని కాదు.

7 డిసెంబరు

ఇల్లిల్లూ తిరిగాను. తండాకు కూడా వెళ్ళాను. ఒక్క పూట వచ్చిన మనిషికి మర్యాద చెయ్యొద్దని అడగటం. ఈ వయసులో, నేను.

హేమ్లి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "ఆఫీసరుకు జొన్నగటక పెడ్తనా? నా మొగడు హాతీరాం నన్ను బతకనిస్తడా? మా కులమోళ్ళంత నవ్వరా?"

"ముందు మా ఇంట్లో పెడతాను. అది చూసి నువ్వు పెట్టు" అన్నాను.

"ఏం పెడ్తవు?"

"దోసకాయ పప్పు. పచ్చడి. మజ్జిగ."

"అప్పడం?"

"లేదు."

హేమ్లి నన్ను జాలిగా చూసింది. "అప్పడం గూడ లేదా పెద్దమ్మా!"

9 డిసెంబరు, కార్తీక సోమవారం

నాకు ఉపవాసం. వంట నేనే చేశాను. ఊదుగొట్టం ప్రమీల చేతికి ఇవ్వలేదు.

రోజూ ఎంత బియ్యం పోస్తామో అంతే పోశాను. ఒక మనిషికి ఎక్కువ పొయ్యలేదు. బుల్లెమ్మ ఈ అవమానం చూడలేనని కొట్టుగదిలోకి వెళ్ళి కూర్చుంది. మధ్యలో ఒకసారి అప్పడాల డబ్బాతో బయటికి వచ్చింది. ప్రమీల ఆ డబ్బా లాక్కుంది. ఇద్దరూ గడప మీద కాసేపు పెనుగులాడారు. వెంకటరామారావుగారు చూడనట్టు కాటా ముల్లు చూసుకున్నారు. ఒక అప్పడం విరిగి ఆయన కాళ్ళ దగ్గర పడింది. అది పచ్చిది, లెక్కలోకి రాదు.

కట్టె తూచారు. బొగ్గు, బూడిద తీసి తూచారు. తల ఊపారు. విస్తరి వేశాను.

ఆయన పప్పు కలుపుకుని తిన్నారు. పచ్చడి కలుపుకుని తిన్నారు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, మా మిరపకాయలు అలాంటివి. మజ్జిగలోకి ఇంకొంచెం అన్నం కావాలన్నారు.

గిన్నెలో ఉన్నది తమ్ముడికి, ఆడవాళ్ళకు. వాళ్ళకు తగ్గించి పెడితే మళ్ళీ వండాలి. మళ్ళీ పొయ్యి వెలిగిస్తే తూకం పోతుంది. కొట్టుగది తలుపు సందులోంచి బుల్లెమ్మ రెండు చేతులతో సైగ చేస్తోంది, పెట్టెయ్ పెట్టెయ్ అని.

"అన్నం అయిపోయిందండీ" అన్నాను.

విస్తరి ముందు కూర్చున్న మనిషితో. నా నోటితో.

కొట్టుగదిలో ఏదో డబ్బా కిందపడింది. తమ్ముడు వసారాలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన మాత్రం తల వంచి, మజ్జిగ తాగేసి, చెయ్యి కడుక్కుని, "సరిగ్గా ఇదేనమ్మా నాకు కావలసింది" అన్నారు.

ఆయన గేటు దాటగానే ప్రమీల నా నడుం పట్టుకుని గిర్రున తిప్పింది. వదలమన్నాను. వదల్లేదు. కొప్పు ఊడింది. యాభై దాటినదాన్ని. కొట్టుగదిలోంచి వచ్చి బుల్లెమ్మ కూడా పట్టుకుంది. ముగ్గురం వెళ్ళి తులసికోటకు గుద్దుకున్నాం.

సాయంత్రం చుక్క చూసి తిన్నాను. ఆకలి తెలియలేదు.

11 డిసెంబరు

హేమ్లి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టిందట. పెట్టి, ముఖం కనపడకుండా కొంగు లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చుందట. హాతీరాం ఇంట్లో ఉండలేక ఆ పూట పక్క ఊరికి వెళ్ళిపోయాడట. తక్కిన ఇళ్ళలోనూ అంతే. ఊరంతా సిగ్గుతో చచ్చిపోయింది. లెక్క మాత్రం కుదిరింది.

14 డిసెంబరు

కబురు లేదు. నేను ఎదురు చూడటం లేదు. గేటు దగ్గర గడ్డి పెరిగింది, పీకుతూ కూర్చున్నాను.

20 డిసెంబరు, ముక్కోటి

భద్రాచలం వెళ్ళలేదు. ఇక్కడే ఉత్తరం వైపు తలుపు తెరిచి దండం పెట్టుకున్నాను. ఇవాళ కోరుకున్నాను. పేరు పెట్టి, కారణం చెప్పి, గట్టిగా కోరుకున్నాను.

23 డిసెంబరు, సోమవారం

మధ్యాహ్నం బస్సుకు వెంకటరామారావుగారే స్వయంగా వచ్చారు. గ్రాంటు మంజూరైంది. ఊరికీ తండాకీ కలిపి. జనవరిలో పని మొదలు. ప్రమీలకు ఉద్యోగం. ఆమె గబగబా లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. వెలగని పొయ్యి. దాన్ని చూసి నవ్వుతోంది.

బుల్లెమ్మ ఇక ఆగలేదు. గారెలు, పూర్ణాలు, అన్నీ. ఆయన వద్దనలేదు. కాటా తేలేదుగా అన్నారు.

సాయంత్రం పిచ్చయ్యగారు కారులో వచ్చారు, ప్రమీల పెట్టెకు డిక్కీలో చోటు ఉంచుకుని. సంగతి విని కుర్చీలో వెనక్కి వాలారు.

"పొయ్యిలు పెట్టించే పనికి ఊళ్ళెంట తిరగటం ఏంది బావా? మన ఆడపిల్ల తండాల్లో తిరిగితే బాగుంటదా? మన మిల్లులో మనం వండుకుంటే తప్పేంది?"

తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. పత్తి ఇంకా సగం చేలోనే ఉంది, కొనేది ఆయనే. చూద్దాం అంటాడని నాకు తెలుసు. పెదవి కదిలింది కూడా.

"పిచ్చయ్యగారూ, ప్రమీల రాదు" అన్నాను.

ఈ ఇంట్లో మగవాళ్ళ మాటల మధ్య నేను మాట్లాడగా ఎవరూ వినలేదు. తమ్ముడు నా వైపు చూశాడు, చెల్లి వైపు చూశాడు. ప్రమీల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. దగ్గు వస్తోంది, ఆపుకుంటోంది.

"అక్క చెప్పాక ఇంకేముంది బావా" అన్నాడు తమ్ముడు. "పత్తి సంగతి నీ ఇష్టం. ఖమ్మం యార్డుకైనా వేసుకుంటాను."

"పత్తి సంగతి ఇప్పుడెందుకు బావా?" అన్నారు ఆయన. మొహం మాడింది. బుల్లెమ్మ పూర్ణాల పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. "తినండి అన్నయ్యగారూ. కోపంగా తిన్నా తియ్యగానే ఉంటయ్." ఆయన ఒకటి తీసుకున్నారు. రెండోది కూడా.

"మరి నా మిల్లుకు వండేదెవరమ్మా?" అన్నారు, ఇంకొకటి నములుతూ.

"మనిషిని వెతికిపెడతాను బావగారూ" అంది ప్రమీల. "కానీ ముందు ఆ పొయ్యి మార్చాలి. ఎవరైనా మనిషే కదా అక్కడ కూర్చునేది."

ఆయన కారు వెళ్ళాక మేం నలుగురం అక్కడే కూర్చుని మిగతావి తేల్చుకున్నాం. ప్రమీల తెల్లవారుజాము బస్సుకే తండాకు వెళ్ళాలి, సాయంత్రం తిరిగి వస్తుంది. వానలు పడి వాగు పొంగితే హేమ్లి ఇంట్లో పడుకుంటుంది. దానికి తమ్ముడు రెండుసార్లు అడ్డం చెప్పాడు, మూడోసారి చెప్పలేదు. తెల్లవారుజామున బుల్లెమ్మ గేదె దగ్గర ఉంటుంది, నేను పూజలో ఉంటాను. కాబట్టి కొత్త పొయ్యి వచ్చేదాకా, వచ్చాక కూడా, పొద్దున పొయ్యి వెలిగించి కాఫీకి నీళ్ళు పెట్టాల్సింది వెంకటనారాయణే అని తీర్మానం. బుల్లెమ్మ ప్రతిపాదించింది. ప్రమీల బలపరిచింది. నేను తల ఊపాను.

తమ్ముడు చాలాసేపు ఆలోచించాడు. అగ్గిపెట్టె ఎక్కడుంటుందని అడిగాడు.